రీడింగ్

బెల్లం అని పేరు పెట్టిన నాటికి
దానికి షుగర్ లేదు.
వారాసిగూడ గల్లీల, నాలా పక్క గోడ మీద
తడిసిన బెల్లం ముద్ద లెక్క కూసున్నది, గందుకే ఆ పేరు.
ఇప్పుడు ఆసుపత్రిల చీటీ రాసేటప్పుడు
కాంపౌండరు పెన్ను ఆపి నా మొఖం జూస్తడు.

నాది కరెంటు మీటర్లు చదివే పని.
పొద్దుగాల నుంచి మెట్ల కింద, చెప్పుల స్టాండ్ల ఎన్క
అంకెలు ఏరుకుంట తిరుగుత.
మాపటికి ఇంటికొచ్చి ఇంకొక్క మీటరు:
చెవ్వు అంచు వేళ్ళ నడుమ వెచ్చగ జేసి
నరం తప్పిచ్చి, సూది మొన తాకిచ్చి
ఆవగింజంత నెత్తురు.
అయిదు సెకండ్లు.
ఆ అయిదు సెకండ్లల్ల ఏ దేవుణ్ని తలుస్తనో
ఎవ్వరికీ చెప్పలె.

పదకొండు నెలలు పొద్దుమాపు సూది ఏసిన.
మా ఇంట్ల ఫ్రిజ్జి లేకుండె.
దస్తగిరి కిరాణం ఫ్రిజ్జిల, పెరుగు ప్యాకెట్ల నడుమ
దాని మందు సీసా.
"బిల్లీ కీ దవా హై, హాత్ నక్కో లగావ్" అని
పోరగాండ్లను కసిరెటోడు.
పాలు బంద్, బువ్వ బంద్.
ఒకనాడు అంకె నలభై ఎనిమిదికి జారి
కాళ్ళు తడబడి గోడకు ఒరిగింది.
చిగుళ్ళకు తేనె రుద్దుకుంట ఆటోల ఉరికిన.

ఆ దినమే సూది ఆపిచ్చింది డాక్టర్ మెహజబీన్.
తర్వాత నెల నెలా అంకె సక్కగనే ఉంటే అన్నది:
"షుగర్ పోయింది అనకు, పండుకున్నది అను.
సప్పుడు జెయ్యకుండ ఉండాలె మనం."

గప్పటి సంది మునివేళ్ళ మీదనే నడుస్తున్నం,
నేను, మా అక్క సత్తెమ్మ.

మొదలు పండ్లు చెడినయి.
గిన్నె దాకా వచ్చుడు, వాసన జూసి మళ్ళుడు.
అంకె రెండు వందలు దాటె.
మూడు పండ్లు పీకినంక పది దినాలకు దిగొచ్చింది.
ఆ పండ్లు ఇంకా ఉన్నయి నా దగ్గర, అగ్గిపెట్టెల.
ఎందుకో అడగద్దు.

ఇప్పుడు ఊపిరి.
మెడ చాపి, కడుపు నేలకానిచ్చి
ఎండాకాలం బోరింగు లెక్క దగ్గుతది, నీళ్ళు రావు.
మందున్నదట. మంచి మందే.
ఒక్క గోలితో రొమ్ము తెరుసుకుంటదట.
కని ఆ గోలి పండుకున్నదాన్ని లేపుతది.
ఇసొంటి లెక్క మా డిపార్ట్‌మెంట్ల లేదు.

మెహజబీన్ చానసేపు మాట్లాడలె.
చివరికి పసిపిల్లల మాస్కు, పంపు మందు.
"నేరుగ రొమ్ముకే పోతది, నెత్తుర్ల తక్కువ కలుస్తది.
తక్కువ అన్న. కలవదు అనలె."

పది ఊపిర్లు తీయాలె మాస్కుల.
అక్క లెక్కబెడ్తది, ఏడు కాడ మరిసి
మల్ల ఒకటి నుంచి మొదలు.
మొదటి వారం నా మణికట్టు నిండ ఎర్ర గీతలు.
ఏమైందన్నా అని ఇండ్ల కాడ అడిగితే
"మీటరు గీరింది" అన్న.

నిన్న ఆసుపత్రిల నూట తొంభై.
పిల్లులకు భయానికి గూడ పెరుగుతదట,
ఆటో హారనుకు, బల్ల కింది కుక్క వాసనకు.
ఇది భయమా,
లేక అది లేచిందా?

ఇంట్ల ఎవ్వరు లేకుంటే
డోర్ లాక్ అని కొట్టి, పోయిన నెలల సరాసరి ఏసి
ముంగటి గేటుకు పోత నేను.
దీనికి సరాసరి లేదు.

రాత్రి పదకొండు. ఎక్కడనో ఫ్యూజు పోయి గల్లీ అంత చీకటి.
కరెంటోనివి, నీకు గూడ పోయిందా అని
మీది అంతస్తు నుంచి ఎవరో నవ్విండ్రు.
సెల్లు లైటు నోట్ల పెట్టుకొని
చెవ్వు అంచు వెచ్చగ జేస్తున్న.
రొమ్ముల ఏదో గురగురమంటున్నది,
ముద్దుకో, దమ్ముకో, తెలుస్తలేదు.

అయిదు.
నాలుగు.